గాలికి నిలిచే గుడారం

పిల్లలూ, ఆషాఢమాసంలో చిలమత్తూరు వైపు గాలిని మీరెప్పుడైనా చూశారా? "గాలిని చూడటమేమిటి?" అని నవ్వకండి. ఆ రోజుల్లో అక్కడ గాలి కంటికి కనిపిస్తుంది. దున్నిన చేలమీది ఎర్రమట్టి తెరలు తెరలుగా లేచి తూర్పుకు పోతూ ఉంటుంది. చెట్లకొమ్మలు ఒకేవైపుకు ఒరిగి ఉంటాయి. తాడుమీద ఆరవేసిన పంచె కిందికి వేలాడక, పలకలాగా అడ్డంగా నిలుస్తుంది.

హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్ద రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దు ఇంకా కాస్త దూరం ఉన్నదనగా, కొడికొండ వస్తుంది. అక్కడ పడమటికి తిరిగితే చిలమత్తూరు చేరతాం. ఇంకా ముందుకు పోతే లేపాక్షి, ఆ తరవాత హిందూపురం. ఈ ఊళ్ళన్నీ 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఈ నేల సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉన్నది. ఎటుచూసినా మెట్టపొలాలు, వాటి మధ్య ఎవరో పేర్చిపోయినట్టుండే గుండ్రాళ్ళ గుట్టలు.

మరి ఇంత గాలి ఇక్కడికి ఎందుకు వస్తుంది? జ్యేష్ఠం చివర అరేబియా సముద్రం మీదనుంచి నైరుతి గాలులు బయలుదేరతాయి. దారిలో పడమటి కనుమలు అడ్డం వస్తాయి. గాలి ఆ కొండలెక్కేటప్పుడు తన దగ్గరున్న నీళ్ళలో చాలాభాగం అక్కడే కుమ్మరిస్తుంది. కొండలు దిగి ఈ సీమకు వచ్చేసరికి దానిలో తడి తక్కువ, వేగం ఎక్కువ. వాన కనుమలకు దక్కింది, గాలి మనకు మిగిలింది అన్నమాట! పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ గాలినైనా వాడుకుందామని 1990లలో ధర్మవరం దగ్గర రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపి కరెంటు తీశారు.

ఇటువంటిచోట, మీరు మీ నాన్నగారితోనో మేనమామతోనో కలిసి, వీపున మూట వేసుకుని రెండు రోజులు కాలినడకన తిరగాలనుకున్నారనుకోండి. చూడటానికి చాలా ఉన్నది. లేపాక్షిలో 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల ఏకశిలా నంది ఉన్నది. చిలమత్తూరు మండలంలోనే వీరాపురం అనే చిన్న ఊరున్నది. ఏటా చలికాలం చివర ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానాకాలం ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఊరివారు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. మీరు వెళ్ళినప్పుడు అక్కడ కేకలు వెయ్యకండి. ఆ చెట్లకింద మకాం పెట్టకండి.

పగలంతా తిరుగుతారు, బాగానే ఉంటుంది. రాత్రికి? పొలంవారిని అడిగి, వారు సరేనంటే, ఒక బీడులో గుడారం వేసుకుని పడుకోవాలి. అప్పుడు తెలుస్తుంది మీరు కొన్నది గుడారమో, గాలిపటమో!

గుడారం కొనేటప్పుడు ముందు చూడవలసింది బరువు. ఎందుకంటే ఈ సీమలో మీరు నీళ్ళు మోసుకుపోవాలి. ఎండాకాలం చివర ఏ గుంటలో నీళ్ళుంటాయో, ఏ గుంట ఎండిపోయి ఉంటుందో చెప్పలేం. ఒక లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. కాబట్టి గుడారంలో తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు నీళ్ళు అదనంగా తీసుకుపోవచ్చు. బడిసంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతుకు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. అది బడిసంచి సంగతే అయినా, నడకకు పోయే పిల్లలు కూడా ఆ లెక్క మనసులో పెట్టుకోవటం మంచిది. 40 కిలోలున్న పిల్లవాడికి పదోవంతంటే 4 కిలోలు! అందులో నీళ్ళే 2 కిలోలు. ఇక గుడారానికి చోటెక్కడ? అందుచేత గుడారాన్ని పంచుకుని మోస్తారు. ఒకరు గుడ్డ, ఇంకొకరు కమ్మీలూ మేకులూ. పెద్దవాళ్ళు ఎక్కువ మోయాలని వేరే చెప్పాలా?

పూర్వం ఈ చిక్కు లేదు. 1800లో నిజాము ఈ దత్తమండలాలను కుంఫిణీవారికి ఇచ్చాక, థామస్ మన్రో 1807 దాకా వీటికి కలెక్టరుగా పనిచేశాడు. ఆయన కచేరీలో కూర్చునే మనిషి కాదు. ఊరూరా తిరిగి పన్నులు నిర్ణయిస్తూ ఆ ఏళ్ళలో ఎక్కువకాలం డేరాలలోనే గడిపాడు. ఆ కాలపు డేరా అంటే మందపాటి నూలుగుడ్డ, లావుపాటి గుంజలు. వాన తగిలితే బరువు ఇంకా పెరిగేది. అయితేనేం, మోయటానికి ఎద్దులూ, మనుషులూ ఉండేవారు. మనకు ఉన్నది ఒక్క వీపే. అందుచేత గుడ్డ బరువు తగ్గించి, దాని ఆకారంలో తెలివి చూపించాలి.

ఇప్పుడు గాలి బలమెంతో ఒక లెక్క వేద్దాం. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల గుడ్డను గాలికి ఎదురుగా నిలబెట్టామనుకోండి. గాలి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఆ గుడ్డమీద సుమారు 6 కిలోల తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపయి 72 కిలోమీటర్లయితే తోపు ఎంతవుతుంది? 12 అన్నారా? కాదు, 24! గాలి రెండింతలయితే తోపు నాలుగింతలవుతుంది, మూడింతలయితే తొమ్మిదింతలు. సాయంత్రం హాయిగా నిలిచిన గుడారం అర్ధరాత్రి ఎందుకు కూలుతుందో ఈ లెక్కలోనే ఉన్నది.

గాలి మనకు లొంగదు. కాని దానికి ఎదురుపడే గుడ్డను తగ్గించటం మన చేతిలో పని. ఆ విద్య తెలిసినవాణ్ణి చూడాలంటే ఆ బీళ్ళలో గొర్రెలు కాసే మనిషిని చూడండి. గాలివాన వస్తే అతను కంబళిని తలమీదుగా కప్పుకుని, గాలికి వీపు పెట్టి, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుంటాడు. గాలికి దొరికేది గుండ్రటి వీపు ఒక్కటే. అదీ ఏటవాలుగా ఉంటుంది. గాలి అతని మీదనుంచి జారిపోతుంది.

ఇంకొక వస్తువు, గూడుబండి. మీ తాతగారినో అవ్వనో అడిగితే చెబుతారు. బండిమీద వెదురుబద్దలను విల్లులాగా వంచి వరసగా నిలిపి, వాటిమీద చాప కప్పుతారు. లోపల నలుగురు కూర్చోవచ్చు. ఆ గూటిని బండిమీదనుంచి దించి నేలమీద పెట్టి, చాపకు బదులు పలచని గుడ్డ కప్పి, ఒక కొసను బాగా కిందికి వంచారనుకోండి. అదే ఇప్పుడు దుకాణాలలో టనెల్ టెంటు పేరుతో అమ్మే గుడారం! రైలు సొరంగంలాగా ఉంటుందని ఆ పేరు. మనం దాన్ని సొరంగపు గుడారం అందాం. దానికి రెండో మూడో కమానులుంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా, నిచ్చెనమెట్లలాగా వరసగా నిలుస్తాయి. కమ్మీలు తక్కువ, లోపల చోటు ఎక్కువ. ఒకరు పడుకునేది ఒకటిన్నర కిలోకు కాస్త అటూ ఇటూగా, ఇద్దరు పడుకునేది 2, రెండున్నర కిలోలలో దొరుకుతుంది.

దీనిలో కిటుకంతా దిక్కులో ఉన్నది. పక్కనుంచి చూస్తే మధ్యరకం సొరంగపు గుడారం గుడ్డ 3 చదరపు మీటర్లదాకా ఉంటుంది. కాళ్ళవైపు నుంచి చూస్తే ముప్పాతిక చదరపు మీటరు కూడా ఉండదు. ఇందాకటి లెక్క ప్రకారం 72 కిలోమీటర్ల గాలి పక్కనుంచి కొడితే తోపు 72 కిలోలు. కాళ్ళవైపు నుంచి కొడితే 18 కిలోల లోపే. గుడ్డ ఏటవాలుగా ఉంటుంది గనక అసలు తోపు ఇంకా తగ్గుతుంది గాని, తేడా ఎంతో మీకు తెలిసింది కదా! ఒకే గుడారం, ఒకే గాలి. తిప్పి వెయ్యటంలో ఉన్నది బతుకు.

అయితే సొరంగపు గుడారానికి ఒక పెద్ద లోపం ఉన్నది. అది తనంతట తాను నిలవదు. రెండు కొసలనూ నేలకు బిగించి లాగితేనే నిలుస్తుంది. ఒక కొసన మేకు ఊడిందా, చాపచుట్టలా పడిపోతుంది. గుమ్మటంలాంటి డోము గుడారం సంగతి వేరు. దాని కమ్మీలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పోతాయి గనక మేకులు లేకపోయినా బుట్టలాగా నిలుస్తుంది. బరువు మాత్రం కాస్త ఎక్కువ. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో, 2014 మే 25న, టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కిన సంగతి మీకు తెలుసు. ఆ పై మకాములలో రాతి అరుగులమీద, మేకు దిగని చోట గుడారం వెయ్యాలి. అటువంటి చోట్ల గుమ్మటపు గుడారాలే ఎక్కువగా వాడతారు. కాని అక్కడ కూడా దాన్ని కట్టకుండా వదలరు. కట్టని గుమ్మటం నిలుస్తుంది నిజమే, గాలి వచ్చేదాకా.

గాలి గుడారాన్ని ఎత్తుకుపోతే ఏమవుతుందో ఒక నిజం కథ చెబుతాను, వినండి.

1911 జూన్ 27న, దక్షిణధ్రువఖండంలో, విల్సన్, బౌయర్స్, చెర్రీ-గరార్డ్ అనే ముగ్గురు బ్రిటిషువాళ్ళు తమ మకాం నుంచి బయలుదేరారు. అక్కడ అది నడి చలికాలం, పగలన్నదే లేదు. చక్రవర్తి పెంగ్విన్ అనే పక్షి ఆ చీకట్లో, ఆ మంచుమీదనే గుడ్లు పెడుతుంది. పక్షులు ఎట్లా పుట్టుకొచ్చాయో ఆ గుడ్లలోని పిండాలు చెబుతాయేమోనని శాస్త్రజ్ఞుల ఆశ. దారిలో చలి సున్నకు 60 డిగ్రీల కిందికి దిగింది. క్రోజియర్ అగ్రం అనేచోట వాళ్ళు రాళ్ళతో గోడలు పేర్చి, పైన గుడ్డ కప్పి గది కట్టుకున్నారు. సామానుకోసం పక్కనే గుడారం వేశారు. జూలై 22న తుఫాను వచ్చింది. గుడారం ఎగిరిపోయింది. తరవాత గదిమీది గుడ్డ కూడా పీలికలయిపోయింది. ముగ్గురూ పడకసంచులలో దూరి, మంచు తమను కప్పేస్తూ ఉంటే పడుకుని ఉండిపోయారు. గుడారం లేకుండా ఆ చలిలో వెనక్కు నడవటం జరిగే పని కాదని ముగ్గురికీ తెలుసు. అయినా ఒకరినొకరు పల్లెత్తుమాట అనుకోలేదు.

గాలి తగ్గాక లేచి చీకట్లో తడుముకుంటూ వెతికారు. అదృష్టమంటే ఇదీ! సుమారు అరమైలు దూరాన, వాలు కింద, గుడారం పడి ఉన్నది. కమ్మీలతో సహా వాడుకునేందుకు పనికి వచ్చేట్టే ఉన్నది. ఆగస్టు 1న మూడు గుడ్లతో మకాం చేరారు. తిరుగుదారిలో బౌయర్స్ రాత్రిళ్ళు ఏం చేసేవాడో తెలుసా? గుడారానికి ఒక తాడు కట్టి, రెండో కొస తన ఒంటికి కట్టుకుని నిద్రపోయేవాడు!

చిలమత్తూరులో అంత చలీ లేదు, అంత ప్రమాదమూ లేదు. కాని తాడు సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే. అందుచేత దుకాణంలో గుడారం చూసేటప్పుడు రంగు తరవాత చూడండి, తాళ్ళు కట్టే కొక్కాలు ఎక్కడెక్కడున్నాయో ముందు చూడండి. ప్రతి కమానుకూ, రెండు పక్కలా, సగం ఎత్తుకు పైన తాడు కట్టే వీలుండాలి. గాలి దిక్కు మారి పక్కనుంచి కొట్టినప్పుడు కమానును పట్టి నిలిపేవి ఆ పక్కతాళ్ళే. చవక గుడారాలలో ఈ కొక్కాలు రెండుంటే గొప్ప. కమ్మీలు అల్యూమినియంవి అయి, 9 మిల్లీమీటర్ల మందమైనా ఉంటే మంచిది. నారగాజు కమ్మీలు చవకే గాని, వాటికి బరువెక్కువ. బాగా వంగితే నిలువునా చీలతాయి.

గుడ్డ విషయంలో దుకాణదారులు చాలా చెబుతారు. సిలికాన్ పూసిన నైలాను బరువు తక్కువ, చింపటం కష్టం. కాని తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించినది రాత్రి వదులవుతుంది. పైగా ఎండకు త్వరగా జీవం పోతుంది. పాలియెస్టరు గుడ్డ అంత సాగదు, ఎండకు కాస్త ఎక్కువకాలం ఓరుస్తుంది. మన ఎండల సంగతి మీకు చెప్పాలా? నన్నడిగితే ఈ సీమకు పాలియెస్టరే మేలంటాను, 200 గ్రాములు ఎక్కువైనా సరే. అన్నిటికంటె పలచనిది, అన్నిటికంటె తేలికయినది కొనాలనే సరదా కూడా పనికిరాదు. ఇక్కడి నేలమీద ముళ్ళూ, గరుకురాళ్ళూ ఉంటాయి. పైగుడ్డా లోపలిగుడ్డా కలిసి ఒకేసారి లేచే రకమయితే, వాన మొదలయ్యాక గుడారం వేసినా లోపలిది తడవదు.

ఇంతా చెప్పి, ఏ కాలంలోనైనా సొరంగపు గుడారమే కొనండి అంటానా? అనను. ఆషాఢ శ్రావణాలలో ఈ సీమ గాలి పడమటి నుంచో నైరుతి నుంచో వస్తుంది. రోజులతరబడి దిక్కు పెద్దగా మారదు. అటువంటి గాలికి సొరంగపు గుడారం పుట్టినట్టే ఉంటుంది. చైత్ర వైశాఖాలలో అట్లా కాదు. పగలంతా ఆకు కదలదు. సాయంత్రం ఉరుములతో ఒక మబ్బు లేస్తుంది, దాని ముందు ఈదురుగాలి వస్తుంది. మొదట ఒకవైపునుంచి కొడుతుంది, పది నిమిషాలలో ఇంకోవైపునుంచి కొడుతుంది. అప్పుడు సొరంగానికి వీపు ఎటు పెడతారు? ఆ రోజుల్లో గుమ్మటం నయం. ఊళ్ళోని బడివరండా ఇంకా నయం! ఉరుములున్నప్పుడు బోడిగుట్ట మీద గుడారమన్నదే వద్దు. పిడుగుకు ఎత్తయిన చోటంటే ఇష్టం.

ఇక గుడారం వేసే చోటు. గుట్టపక్కన గాలి చాటుగా ఉంటుందని పెద్ద బండవెనక చేరబోతారు. కాని గోడలాంటి అడ్డు దాటిన గాలి వెనక సుడులు తిరుగుతుంది. గుడారాన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ గుంజుతుంది. కిత్తనార కంచో, పొదల వరసో మేలు. వాటి సందులగుండా కొంత గాలి పోనిస్తుంది గనక వెనక నెమ్మదిగా ఉంటుంది. పెద్దచెట్ల కింద కొమ్మలు విరిగిపడతాయి, వద్దు. ఎండిపోయిన వంక మరీ ఊరిస్తుంది: మెత్తని ఇసుక, రెండుపక్కలా గట్టు, గాలి సోకదు. దానిలో మాత్రం పడుకోకండి. ఎగువన ఎక్కడో రాత్రి వాన పడితే, మీ నెత్తిన చినుకైనా పడకుండానే వంక వచ్చేస్తుంది. ఎక్కడ మేలో తెలియకపోతే, మందను రాత్రి ఎక్కడ ఆపుతారని గొర్రెల కాపరిని అడగండి.

చోటు కుదిరాక పిడికెడు పొడిమట్టి గాలిలోకి వదిలి, అది ఎటు పోతున్నదో చూడండి. పొట్టి కొసను గాలివైపుకు పెట్టి, ముందు దాన్ని మేకులతో నేలకు కొట్టండి. కమానులు నిలిపే పని ఆ తరవాతే. ఈ వరస తప్పితే గుడ్డ తెరచాప అవుతుంది. తరవాత రెండో కొసను పట్టుకుని, ముడతలు పోయేదాకా లాగి కొట్టండి. తలుపు గాలికి చాటున, ఆ కొసనే ఉంటుంది. మేకు నిట్టనిలువుగా కాక, దాని తల గుడారానికి దూరంగా వాలేట్టు కొట్టాలి. రాతిపలక వచ్చి మేకు దిగకపోతే విచారించకండి. తాడు కొసను ఒక గట్టి పుల్లకు కట్టి, ఆ పుల్లను బండరాతి వెనక అడ్డంగా పెట్టి, దానిమీద ఇంకో రాయి వెయ్యండి. రాతి అంచు తాడును కోస్తుంది గనక మధ్యన గుడ్డపీలిక పెట్టండి. గుండ్రాళ్ళకు ఈ సీమలో కరువు లేదు.

పడుకునేముందు ఒకసారి చెవి పెట్టి వినండి. గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే ఎక్కడో తాడు వదులుగా ఉన్నది, లేచి బిగించాలి. గుడ్డ చిరిగేది గాలి తోపుకు కాదు, రాత్రంతా అట్లా కొట్టుకోవటంవల్ల. గాలి వస్తున్నదని గవాక్షాలు మూసెయ్యకండి. మీ ఊపిరిలోని తడే తెల్లవారేసరికి నీటిబొట్లయి మీమీద పడుతుంది. పొయ్యి మాత్రం లోపల వెలిగించనే కూడదు. దాన్నుంచి వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

తెల్లవారి గుడారం ఎత్తేటప్పుడు కమానులు ముందు దించి, గాలివైపు మేకులు అన్నిటికంటె చివర పీకండి. గుడ్డ చుట్టేముందు నేలగుడ్డను తిరగేసి దులపండి. రాత్రి మీ వెచ్చదనానికి తేలు కిందకు చేరి ఉంటుంది.